విశ్వరూపం చూశాక దుర్యోధనుడు ఏమన్నాడు? దైవత్వానికి సాక్ష్యం గురించి ఒక ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం.

ఒక వ్యక్తి గాని, ఒక శక్తి గాని దైవమని హేతుబద్ధంగా తేల్చాలంటే ఎలాంటి సాక్ష్యం కావాలి అన్నది ఈ సాయంత్రం మన ముందున్న ప్రశ్న. దేవుడు ఉన్నాడా, లేడా అన్న వాదం వేరు. దాని జోలికి నేను వెళ్ళడం లేదు. ఉన్నాడని నమ్మేవారికీ, లేడని అనుకునేవారికీ ఈ ప్రశ్న ఒకేలా వర్తిస్తుంది. ఎవరో మన ముందు నిలబడి "నేనే దైవం" అన్నారనుకోండి, లేదా ఆయన తరఫున శిష్యులు ఆ మాట అన్నారనుకోండి. ఏం చూస్తే మనం ఒప్పుకోవచ్చు? ఏం చూసినంత మాత్రాన ఒప్పుకోనక్కర్లేదు?

మహాభారతంలో ఈ పరిస్థితి అచ్చంగా ఎదురైనవాడు దుర్యోధనుడు. కృష్ణ రాయబారం మనకు పద్యాలతో, నాటకాలతో కంఠతా వచ్చిన కథ. సంధి కుదరలేదు. దుర్యోధనుడు కృష్ణుణ్ణి బంధించాలని చూశాడు. కృష్ణుడు నవ్వి, నిండు సభలో విశ్వరూపం చూపించాడు. రాజులు భయంతో కళ్ళు మూసుకున్నారు. భీష్ముడు, ద్రోణుడు, విదురుడు, సంజయుడు, అక్కడున్న మునులు చూడగలిగారు. వారికి ఆ చూపు కృష్ణుడే ఇచ్చాడు. ఇంతవరకు అందరికీ గుర్తుంటుంది. ఆ తర్వాతి ముచ్చట చాలామందికి గుర్తుండదు. యుద్ధం మొదలయ్యే ముందు దుర్యోధనుడు శకుని కొడుకు ఉలూకుణ్ణి పాండవుల శిబిరానికి పంపాడు. కృష్ణుడికి చెప్పమన్న మాటల సారాంశం ఇది: "సభలో మాయతో చూపించావే, ఆ రూపాన్నే మళ్ళీ ధరించి అర్జునుడితో కలిసి నా మీదికి రా. ఇంద్రజాలాలు, మాయలు ఆయుధం పట్టినవాణ్ణి భయపెట్టవు. మేమూ మాయతో ఆకాశానికి వెళ్ళగలం, రసాతలంలో దూరగలం, మా శరీరంలోనూ ఎన్నో రూపాలు చూపగలం."

దుర్యోధనుడు దుర్మార్గుడు కాబట్టి కళ్ళెదుట ఉన్నదాన్ని కూడా ఒప్పుకోలేదని మనకు చిన్నప్పటి నుంచీ చెబుతారు. అతని దుర్మార్గం మీద నాకు సందేహం లేదు. అయితే వాదాన్ని వాదంగా చూడాలి, చెప్పినవాణ్ణి బట్టి కాదు. తాను ఏమీ చూడలేదని అతను అనడం లేదు. చూశానంటున్నాడు. తాను చూసినదానికి కారణం దైవత్వమే కానక్కర్లేదు, మాయావిద్య కూడా కావచ్చు, ఆ విద్య ఇతరులకూ ఉంది అంటున్నాడు. అతని కాలంలో, అతని లోకంలో, మాయావులు ఉన్నారన్నది అందరూ ఒప్పుకున్న విషయం. ఘటోత్కచుడు వారి బంధువే. ఆ లోకంలో నిలబడి అడిగితే దుర్యోధనుడి ప్రశ్నకు సమాధానం చెప్పడం అంత తేలిక కాదు.

ఇదే వాదాన్ని దుర్యోధనుడికి పూర్తిగా ఎదురు కొసన ఉన్న మనిషి కూడా చేశాడు. బుద్ధుడి ప్రసంగాల సంపుటమైన దీఘనికాయంలో కేవద్ధ సుత్తం అని ఒకటి ఉంది. నలందలో పావారికుడి మామిడితోపులో బుద్ధుడు ఉన్నప్పుడు కేవద్ధుడనే గృహస్థు వచ్చి ఒక కోరిక కోరాడు. నలంద సంపన్నమైన ఊరు, జనం ఎక్కువ, మీ మీద భక్తి ఉన్నవారు, ఒక భిక్షువు చేత మానవాతీతమైన మహిమలు చూపిస్తే ఆ భక్తి ఇంకా పెరుగుతుంది అన్నాడు. బుద్ధుడు ఒప్పుకోలేదు. ఒక భిక్షువు గాలిలో ఎగిరాడనుకో, గోడలోంచి దూరి బయటికి వచ్చాడనుకో, శ్రద్ధ ఉన్నవాడు ఆ సంగతి వెళ్ళి శ్రద్ధ లేనివాడికి చెబుతాడు, అతను "గాంధారీ విద్య అని ఒకటుంది, ఆ భిక్షువు దానితోనే ఇదంతా చేశాడు" అంటాడు, అనడా? అని అడిగాడు. అంటాడు స్వామీ అన్నాడు కేవద్ధుడు. మనసులోని మాట చెప్పే శక్తి చూపినా "అది మణికా విద్య" అంటారు. మహిమల వల్ల వచ్చే ఈ చిక్కు చూసే నాకు అవంటే ఏవగింపు అన్నాడు బుద్ధుడు.

శ్రద్ధ లేనివాణ్ణి ఇక్కడ బుద్ధుడు తిట్టలేదు, మూర్ఖుడనలేదు. అతను అలా అనడం సహజమని ఒప్పుకున్నాడు. ఆ శక్తులు ఉన్నాయని నమ్మిన మనిషే, అవి దేనికీ రుజువు కావని చెప్పడం నాకు చాలా పెద్ద సంగతిగా అనిపిస్తుంది.

ఇక మన కాలానికి వద్దాం. 1995 సెప్టెంబరు 21 మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. తెల్లవారుజామున ఢిల్లీలో ఒక గుడిలో వినాయకుడు పాలు తాగాడన్న వార్త మొదలైంది. మధ్యాహ్నానికి దేశమంతా, ఆ తర్వాత లండన్‌ వంటి విదేశీ నగరాల దాకా పాకింది. మన ఊళ్ళలోనూ గుళ్ళ ముందు బారులు తీరారు. అక్కడ జరిగిందేమిటో దగ్గరగా చూద్దాం. చెంచా నిండా పాలు. చెంచా అంచును విగ్రహం తొండానికో, దంతానికో ఆనిస్తారు. అంచుకు పైకి ఉబ్బి ఉన్న పాలు రాతిని తాకగానే తలతన్యత వల్ల, అంటే ద్రవాల పైపొరను బిగించి ఉంచే గుణం వల్ల, చెంచాలోంచి బయటికి లాగబడతాయి. ఆ తర్వాత పలుచని పొరగా రాతి మీదుగా కిందికి జారిపోతాయి. తెల్లని పాలరాతి మీద, అప్పటికే తడిసిన రాతి మీద, ఆ పొర కంటికి ఆనదు. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ శాస్త్రవేత్తలు పాలలో రంగు కలిపి పట్టి చూపించారు. రంగు పాలు విగ్రహం మీదుగా కిందికి జారడం స్పష్టంగా కనబడింది.

ఆ రోజు వరుసలో నిలబడినవారిని ఎగతాళి చేసినవారిని నేను అప్పుడూ మెచ్చలేదు, ఇప్పుడూ మెచ్చను. వారు అబద్ధం చెప్పలేదు. చెంచాలో పాలు నిజంగానే తగ్గాయి. లక్షలమంది, నిజాయతీపరులు, కళ్ళారా చూసి చెప్పిన సాక్ష్యం అది. అయినా "వినాయకుడు పాలు తాగాడు" అన్నది తప్పు. చూసింది "చెంచాలో పాలు తగ్గాయి" అన్నది మాత్రమే. "తాగాడు" అన్నది మన మనసు చేర్చిన వ్యాఖ్య. మహిమల గురించి ఇంగ్లండులో, భారతదేశంలో, ఎక్కడ జరిగిన చర్చ అయినా మొదట ఇక్కడే చిక్కుకుంటుంది. స్కాట్లండు తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1748లో అడిగిన ప్రశ్న కూడా స్థూలంగా ఇదే: సాక్షి పొరబడి ఉండే అవకాశం ఎక్కువా, ప్రకృతి నియమం తప్పి ఉండే అవకాశం ఎక్కువా? ఆయన వాదంలో లోపాలు ఉన్నాయి గాని, ఆ తూకం వేయకుండా ముందుకు పోకూడదన్నది నిలబడే మాట.

అయితే హ్యూమ్ దగ్గరే ఆగిపోతే మనం తేలికైన ప్రశ్నతో సరిపెట్టుకున్నట్టే. సంఘటన నిజంగానే జరిగింది, మోసం లేదు, ముందే చెప్పి మరీ చేశారు, వేలమంది చూశారు అనుకుందాం. అప్పుడు?

అలాంటిది చరిత్రలో ఒకటి ఉంది. కొలంబస్ నాలుగో యాత్రలో ఓడలు పురుగు తినేసి పాడైపోవడంతో 1503 జూన్‌లో జమైకా తీరంలో చిక్కుకుపోయాడు. అక్కడి తైనో ప్రజలు మొదట్లో తిండి ఇచ్చారు. నెలలు గడిచాయి, నావికుల ఆగడాలు పెరిగాయి, వారు ఇవ్వడం తగ్గించేశారు. కొలంబస్ దగ్గర రేజియోమోంటానస్ అనే జర్మన్ ఖగోళవేత్త లెక్కగట్టిన పంచాంగం ఉంది. 1504 ఫిబ్రవరి 29న చంద్రగ్రహణమని అందులో ఉంది. కొలంబస్ తైనో పెద్దలను పిలిపించి, మీరు మాకు తిండి పెట్టడం లేదని మా దేవుడికి కోపం వచ్చింది, ఈ రాత్రి చంద్రుడు కోపంతో ఎర్రబడి లేస్తాడు చూడండి అన్నాడు. అలాగే జరిగింది. జనం ఏడుస్తూ ఆహారం మోసుకొచ్చారు, మీ దేవుడికి మా తరఫున చెప్పండి అని బతిమాలారు. ప్రార్థన చేసుకోవాలంటూ కొలంబస్ గదిలోకి వెళ్ళాడు, గ్రహణం విడిచే వేళకు బయటికి వచ్చి దేవుడు క్షమించాడన్నాడు. ఇది కొలంబస్ కొడుకు రాసిన కథనం, అంటే గెలిచినవాడి వైపు నుంచి వచ్చిన కథ. తైనో ప్రజలు తమలో తాము ఏం మాట్లాడుకున్నారో రాసిపెట్టినవారు లేరు.

ఈ కథ వినగానే "పాపం, అమాయకులు" అంటాం. ఒక్క నిమిషం ఆగండి. మనం బాబాలను, స్వాములను ఏమని నిలదీస్తాం? ముందే చెప్పు, కచ్చితంగా చెప్పు, అందరి ముందూ చేయి, చేతివాటం పనికిరాదు అంటాం. కొలంబస్ చూపినదానిలో ఇవన్నీ ఉన్నాయి. జరగకముందే చెప్పాడు. ఆకాశంలో, అందరి కళ్ళ ముందు జరిగింది. చంద్రుడితో చేతివాటం కుదరదు. తైనో ప్రజలు తర్కంలో తప్పటడుగు వేయలేదు. వారికి తెలిసిన కారణాల జాబితాలో "దూరదేశంలో ఒకడు లెక్కలు గట్టి అచ్చు వేసిన పుస్తకం" అన్నది లేదు, అంతే. మన జాబితా పూర్తిగా ఉందని మనకు ఎవరు చెప్పారు? మనకు కారణం తెలియకపోవడం మన గురించిన సమాచారం. ఎదుటి జీవి ఎవరో అది చెప్పదు.

అందుకే ఏ.టి. కోవూర్ గారి సవాలు మీద నాకు గౌరవం ఉన్నా, ఒక అభ్యంతరం ఉంది. కేరళలో పుట్టి శ్రీలంకలో స్థిరపడిన ఆయన, మోసానికి తావులేని పరిస్థితుల్లో మహిమ చూపినవారికి లక్ష రూపాయలు ఇస్తానని 1963లో ప్రకటించారు. 1978లో ఆయన కన్నుమూసే దాకా ఎవరూ గెలవలేదు. ఆ పని వల్ల ఎన్నో కుటుంబాలు దోపిడి నుంచి బయటపడ్డాయి. నా అభ్యంతరం ఇది: ఒకవేళ ఎవరైనా గెలిచి ఉంటే? సీలు వేసిన కవరులోని నోటు నంబరు నిజంగానే చదివి ఉంటే? అప్పుడు తేలేది "ఈ మనిషి నోటు నంబరు చదవగలడు" అన్నది మాత్రమే. మహిమ దొరికితే దైవం తేలిపోయినట్టే అన్న మాటను భక్తులూ నమ్ముతారు, సవాలు విసిరేవారూ పైకి చెప్పకుండా ఒప్పుకుంటారు. ఇద్దరూ కలిసి నిలబడిన ఆ చోటే నాకు కచ్చితంగా తప్పుగా కనబడుతుంది.

ఈ తప్పును అందరికంటే పదునుగా పట్టుకున్నది ఏడో శతాబ్దపు మీమాంసకుడు, అంటే వేదార్థాన్ని విచారించే దర్శనానికి చెందిన కుమారిల భట్టు. ఆయన వేదాన్ని ప్రమాణంగా నమ్మినవాడు, నాస్తికుడని ఎవరూ అనలేరు. బుద్ధుడు సర్వజ్ఞుడన్న బౌద్ధుల మాట మీద ఆయన శ్లోకవార్తికంలో ఇలా అడిగారు:

"సర్వజ్ఞోఽయమితి హ్యేతత్ తత్కాలేఽపి బుభుత్సుభిః
తజ్జ్ఞానజ్ఞేయవిజ్ఞానరహితైర్గమ్యతే కథమ్"

బుద్ధుడు బతికి ఉన్న కాలంలో, ఆయన ఎదుటే కూర్చున్నవారికి కూడా "ఈయన సర్వజ్ఞుడు" అని తెలిసేది ఎలా? ఆయనకు తెలిసినవన్నీ వారికి తెలియవు కదా! సర్వజ్ఞుణ్ణి గుర్తుపట్టాలంటే ఇంకో సర్వజ్ఞుడు కావాలి. ఆ రెండోవాణ్ణి గుర్తుపట్టడానికి మూడోవాడు కావాలి. కుమారిలుడివిగా బౌద్ధ పండితుడు శాంతరక్షితుడు ఉదహరించిన మాటలు ఇంకా సూటిగా ఉంటాయి: బుద్ధుడు సర్వజ్ఞుడైతే కపిలుడు కాదనడానికి ప్రమాణం ఏమిటి? ఇద్దరూ సర్వజ్ఞులైతే ఇద్దరి మధ్య మతభేదం ఎలా వచ్చింది?

పద్నాలుగు వందల ఏళ్ళ కిందటి ఈ వాదంలో ఒక్క మెలిక మాత్రం సవరించాల్సి ఉంది. మనకంటే ఎక్కువ తెలిసినవాణ్ణి మనం అసలు పరీక్షించలేం అన్నట్టుగా ఆయన మాట ధ్వనిస్తుంది. అది నిజం కాదు. రెండును అరవై ఏడుసార్లు గుణించి, అందులోంచి ఒకటి తీసేస్తే ఇరవై ఒక్క అంకెల సంఖ్య వస్తుంది: 147573952589676412927. పదిహేడో శతాబ్దంలో మెర్సెన్ దీన్ని ప్రధాన సంఖ్య అన్నాడు. 1876లో లూకాస్ కాదని తేల్చాడు గాని, దాన్ని భాగించే సంఖ్యలేవో చెప్పలేకపోయాడు. 1903 అక్టోబరులో న్యూయార్క్‌లో గణితవేత్తల సమావేశంలో ఫ్రాంక్ నెల్సన్ కోల్ నల్లబల్ల దగ్గరికి వెళ్ళాడు. ఒకవైపు ఈ సంఖ్య రాశాడు. ఇంకోవైపు 193707721ని 761838257287తో చేత్తో గుణించుకుంటూ పోయాడు. రెండు వైపులా ఒకే సంఖ్య వచ్చింది. నోరు విప్పకుండానే వెళ్ళి కూర్చున్నాడని గణితవేత్తలు చెప్పుకుంటారు. ఆ రెండు సంఖ్యలు కనిపెట్టడానికి ఆయనకు ఏళ్ళు పట్టింది. సరి చూడడానికి బడిపిల్లవాడికి ఒక పూట చాలు.

కనిపెట్టడం కష్టం, సరిచూడడం సులువు అయిన ప్రశ్నలు ఎన్నో ఉన్నాయి. ఆర్‌ఎస్‌ఏ-2048 అనే 617 అంకెల సంఖ్యను ఇంతవరకు ఎవరూ కారణాంకాలుగా విడదీసి ప్రకటించలేదు. ఎవరైనా వచ్చి ఆ రెండు కారణాంకాలు చెబితే మన ఫోనులోనే క్షణంలో సరిచూసుకోవచ్చు. 1985 నుంచి కంప్యూటర్ శాస్త్రంలో దీని మీద ఒక పెద్ద శాఖే ఎదిగింది. అపార శక్తి ఉండి, నమ్మడానికి మాత్రం వీల్లేని ఒకడు చెప్పేదాన్ని, పరిమిత శక్తి ఉన్నవాడు ప్రశ్నల మీద ప్రశ్నలు వేసి ఎంతవరకు నిర్ధారించుకోగలడు అన్నదే ఆ శాఖ అడిగే ప్రశ్న. చాలా దూరమే వెళ్ళగలడని తేలింది. కుమారిలుడు ఈ సంగతి వింటే ఎంతో ఆసక్తిగా వాదించి ఉండేవారనుకుంటాను.

కాబట్టి అలాంటి జీవి వస్తే విభూతి, ఉంగరాలు అడగనక్కర్లేదు. మనం ముందే రాసిపెట్టుకున్న ప్రశ్నలు, ఎవరికీ జవాబు తెలియనివి, జవాబు వస్తే మాత్రం మనంతట మనం సరిచూసుకోగలిగినవి అడగవచ్చు. అన్నిటికీ సరైన జవాబులు వచ్చాయనుకుందాం. నేను ఎలాంటి సంకోచమూ లేకుండా ఒప్పుకుంటాను, ఈ జీవికి మనందరికంటే చాలా ఎక్కువ తెలుసని. అయితే పది కిలోల దాకా మాత్రమే తూచే కాటా మీద కొండను పెట్టినా, పదకొండు కిలోల బస్తాను పెట్టినా అది చెప్పేది ఒకటే, పదికి మించి ఉందని. అపరిమితాన్ని కొలిచే కాటా మన దగ్గర లేదు. ఎన్ని పరీక్షలు పెట్టినా అవి లెక్కకు వచ్చేవే, ప్రతి పరీక్షా ఒక హద్దు ఉన్నదే.

జ్ఞానం నిజమైనంత మాత్రాన దాని మూలం గురించి చెప్పిన మాట నిజమవ్వదన్నది మరో సంగతి. శ్రీనివాస రామానుజన్ తన గణితం నామక్కల్ నామగిరి అమ్మవారి అనుగ్రహమని చెప్పుకునేవారు. 1913 జనవరి 16న ఆయన ఇంగ్లండు గణితవేత్త హార్డీకి రాసిన ఉత్తరంలోని సూత్రాల్లో చాలావరకు అద్భుతంగా నిజమయ్యాయి. ప్రధాన సంఖ్యల గురించి రాసిన కొన్ని తప్పని తేలాయి. హార్డీ సూత్రాలను సూత్రాలుగా పరీక్షించారు. అమ్మవారి మాటను ఆ సూత్రాల నిజం నిలబెట్టలేదు, ఆ తప్పులు పడగొట్టనూ లేదు. రామానుజన్ భక్తి ఆయనది. దాన్ని తీసుకొచ్చి గణితానికి ఋజువుగానో, గణితాన్ని తీసుకెళ్ళి ఆ భక్తికి ఋజువుగానో వాడితే రెండింటికీ అన్యాయమే.

ఇక్కడ మన సంప్రదాయంలోనే ఉన్న ఒక తేడా గుర్తు చేయాలి. ఇంద్రుడు, అగ్ని, వాయువు వంటి దేవతలు శక్తిమంతులే, కానీ వారికి హద్దులున్నాయి. పుణ్యం చెల్లితే ఇంద్రపదవి పోతుంది. కేనోపనిషత్తులో యక్షుడి ముందు అగ్ని గడ్డిపోచను కాల్చలేకపోయాడు, వాయువు కదిలించలేకపోయాడు. అలాంటి పరిమితమైన దేవతల ఉనికిని సాక్ష్యంతో నిర్ధారించడం సూత్రరీత్యా అసాధ్యమేమీ కాదు, కొత్త జంతువును నిర్ధారించినట్టే. సర్వజ్ఞుడు, సర్వశక్తిమంతుడు, జగత్కారణం అయిన ఈశ్వరుడి సంగతి వేరు. మొదటి రకానికి సరిపోయే సాక్ష్యాన్ని చూపించి రెండో రకాన్ని అంగీకరింపజేయడమే మనం రోజూ చూస్తున్న పొరపాటు. గాలిలోంచి వస్తువు తీసినవాడు, అది నిజమే అయినా, జగత్కర్త ఎలా అవుతాడు?

తర్కానికి పేరుపడ్డ న్యాయదర్శనం వారు అనుమాన ప్రమాణంతో, అంటే కనబడేదాన్ని బట్టి కనబడనిదాన్ని తేల్చే తర్కంతో, ఈశ్వరుణ్ణి సాధించవచ్చన్నారు. ఉదయనుడి న్యాయకుసుమాంజలి ఆ ప్రయత్నానికి శిఖరం. దాన్ని కాదన్నవారిలో బౌద్ధులు, మీమాంసకులు మాత్రమే లేరు, రామానుజాచార్యులు కూడా ఉన్నారు. శ్రీభాష్యంలో ఆయన అడిగిన ప్రశ్నలు నేటి హేతువాది అడిగేవే: జగత్తు కార్యమే అనుకున్నా, అంతా ఒకేసారి పుట్టిందని ఏమిటి ఆధారం? ఒక్కడే చేశాడని ఏమిటి ఆధారం? మహాపుణ్యం గల జీవులు అనేకులు వేర్వేరు కాలాల్లో చేసి ఉండవచ్చు కదా! ఈశ్వరుణ్ణి శాస్త్రం, అంటే వేదం, ద్వారా మాత్రమే తెలుసుకోగలం, అనుమానంతో కాదన్నది ఆయన సిద్ధాంతం. అంతటి పరమభక్తుడు బలహీనమైన వాదాన్ని తన పక్షానిదైనా తోసిపుచ్చారు. ఆ నిక్కచ్చితనం ఇప్పుడు వేదికల మీద మాట్లాడే చాలామందిలో కనబడదు.

స్వానుభవం మాటేమిటని మీరు అడగవచ్చు. గీత పదకొండో అధ్యాయంలో అర్జునుడికి కృష్ణుడు చెప్పింది గుర్తు చేసుకోండి: ఈ నీ కంటితో నన్ను చూడలేవు, నీకు దివ్యదృష్టి ఇస్తున్నాను. చూపించేవాడే చూసే కన్ను కూడా ఇచ్చాడు. సాక్ష్యం కోసం వెతికేవాడికి ఇది చాలా ఇబ్బందికరమైన స్థితి. ఆ కన్ను ఉన్నదాన్ని చూపుతోందో, ఇచ్చినవాడు చూపదలచినదాన్ని చూపుతోందో చూసేవాడికి తేల్చుకునే దారి లేదు. సభలో దుర్యోధనుడికి ఆ కన్ను ఇవ్వలేదన్నది కూడా గమనించండి. అర్జునుడి నమ్మకాన్ని నేను తప్పుపట్టడం లేదు. ఏళ్ళ తరబడి స్నేహం, ఆపదల్లో తోడు, మాట తప్పని నడత అతని వెనక ఉన్నాయి. ఆ నమ్మకం అప్పటికే ఉంది. దర్శనం దాని మీద వచ్చి చేరింది. తనకు కలిగిన అనుభవం ఒక మనిషిని నడిపించవచ్చు. ఆ అనుభవం లేనివాడు ఒప్పుకోకపోతే అతను పాపి అనే హక్కు మాత్రం దానివల్ల రాదు.

ఇంత చెప్పాక శక్తిని, జ్ఞానాన్ని పక్కనబెట్టి గుణాన్ని చూద్దాం. కుమారిలుడి కాలపు బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి, తన గురువైన బుద్ధుడు సర్వజ్ఞుడా అన్న చర్చను ప్రమాణవార్తికంలో ఒక్క వాక్యంతో మలుపు తిప్పాడు. లోకంలో ఎన్ని పురుగులున్నాయో ఆయనకు తెలిస్తే మనకేం ఉపయోగం? మనం ఆచరించాల్సింది ఆయనకు తెలుసా అన్నది చూడండి. దూరం చూడగలగడమే ప్రామాణ్యమైతే, "ఏత గృధ్రానుపాస్మహే", రండి, గద్దలను పూజిద్దాం!

మన భాగవతంలో భృగుమహర్షి చేసిన పరీక్ష ఇలాంటిదే. సరస్వతీ తీరాన మునులకు సందేహం వచ్చింది, త్రిమూర్తుల్లో ఎవరు గొప్ప అని. తిరుమల కథతో ముడిపడింది కాబట్టి ఇది తెలుగువారికి ఇంటి కథ. భృగువు ఎవరినీ కొండ ఎత్తమనలేదు, సముద్రం ఎండగట్టమనలేదు. అవమానించి చూశాడు. బ్రహ్మకు నమస్కరించలేదు, ఆయనకు కోపం వచ్చింది. శివుడు కౌగిలించుకోబోతే తిరస్కరించాడు, ఆయన త్రిశూలం ఎత్తాడు. విష్ణువు గుండెల మీద తన్నాడు, ఆయన లేచి మునికి నమస్కరించి, మీ రాక గమనించలేదు, క్షమించండి అన్నాడు. కథను నమ్మినా నమ్మకపోయినా అందులోని పద్ధతి గమనించదగ్గది. తనకంటే అనంతమైన శక్తి గలవారి మీద, ఒక మనిషి తన నైతిక వివేకంతో తీర్పు చెప్పాడు. ఆ తీర్పును ఋషులు అంగీకరించారు. ఆ తీర్పుకు మహిమలతో పనిలేదు. పూజకు ఎవరు అర్హులన్నది తేల్చే సాధనం మన దగ్గర మొదటి నుంచీ ఉంది.

దీని మీద నాకు ఆవేదన ఉంది, దాచుకోను. మహిమ చూపినవాడు ముందుగా మన దగ్గర తీసుకునేది ఈ వివేకాన్నే. "ఆయన దైవం, ఆయన చేసేది మన బుద్ధికి అందదు" అన్న మాట ఒక్కసారి ఒప్పుకుంటే, ఆ తర్వాత ఆయన భూమి అడిగినా, ఆడపిల్లను సేవకు పంపమన్నా, క్యాన్సర్‌కు మందు మానేయమన్నా ప్రశ్నించే నోరు మిగలదు. చెంచాలో పాలు తగ్గాయన్న దానికీ, బిడ్డకు మందు ఆపేయాలన్న దానికీ తర్కంలో ఏ సంబంధమూ లేదు. అయినా ఇళ్ళలో ఆ దూరాన్ని ఒక్క గెంతులో దాటేస్తున్నారు. మహిమ నిజమా, కాదా అని గంటలు వాదించేకంటే, నిజమే అనుకో, అయితే ఈ పని ఎందుకు చేయాలి అని అడగడం ఆ ఇంట్లో వాళ్ళకు ఎక్కువ మేలు చేస్తుంది.

గుణం పరీక్షలో నెగ్గినంత మాత్రాన కూడా దైవత్వం తేలదు, నిజమే. అవమానాన్ని ఓర్చుకునే మంచి మనుషులు మన మధ్యే ఉన్నారు. అందుకే చివరిగా, నాకు అన్నిటికంటే బలంగా కనిపించే వాదం దగ్గరికి వస్తున్నాను. అది న్యాయదర్శన కర్త గౌతముడి న్యాయసూత్రాల్లో ఉంది: "మంత్రాయుర్వేదప్రామాణ్యవచ్చ తత్ప్రామాణ్యమాప్తప్రామాణ్యాత్". ఆయుర్వేదం చెప్పిన మందు వాడితే జబ్బు తగ్గడం మనం సరిచూసుకోగలం. సరిచూసుకోగలిగిన చోట నమ్మదగ్గవాడని తేలినవాడు, సరిచూసుకోలేని చోట చెప్పిన మాటనూ నమ్మవచ్చు. దీన్ని మన ప్రశ్నకు వర్తింపజేయండి. ఒక జీవి వచ్చింది. అడిగిన ప్రతి ప్రశ్నకూ సరిచూసుకోదగ్గ జవాబు ఇచ్చింది. ఏళ్ళ తరబడి ఒక్క అబద్ధం ఆడలేదు. ఏమీ ఆశించలేదు. పరీక్షించమని తానే ముందుకు వచ్చింది. అవమానిస్తే కోపం తెచ్చుకోలేదు. అలాంటిది "నేను అపరిమితుణ్ణి, ఈ జగత్తుకు కారణం నేనే" అంటే? ఆ మాటను తేలిగ్గా కొట్టిపారేయడం హేతుబద్ధం కాదని నేను ఒప్పుకుంటాను. సాక్ష్యం అనేది మనల్ని తీసుకెళ్ళగలిగినంత దూరం ఇక్కడికి తీసుకొచ్చింది.

ఇక్కడ కూడా ఒక అడ్డంకి ఉంది. దాన్ని చూపించిన కథలు రెండూ దీఘనికాయంలోనివే. బ్రహ్మజాల సుత్తంలో, లోకం మళ్ళీ ఏర్పడే వేళ ఒక జీవి ఖాళీగా ఉన్న బ్రహ్మవిమానంలో అందరికంటే ముందు పుడుతుంది. ఒంటరితనం భరించలేక, ఇంకెవరైనా ఉంటే బాగుండునని కోరుకుంటుంది. అదే సమయానికి వేరే జీవులు తమ తమ కారణాల వల్ల అక్కడ పుడతాయి. మొదటి జీవి అనుకుంటుంది, నేను కోరాను, వీరు పుట్టారు, కాబట్టి వీరిని సృష్టించినది నేనే అని. తర్వాత పుట్టినవారూ అనుకుంటారు, మేం వచ్చేసరికే ఈయన ఉన్నాడు, కాబట్టి మా సృష్టికర్త ఈయనే అని. ఇందులో ఎవరూ అబద్ధమాడలేదు. ఎవరి స్వభావంలోనూ లోపం లేదు. తన గురించి తానే పొరబడడం ఎంత గొప్ప జీవికైనా సాధ్యమే.

ఇక ఇందాక చెప్పిన కేవద్ధ సుత్తంలోనే రెండో కథ. నాలుగు మహాభూతాలు ఎక్కడ నిశ్శేషంగా ఆగిపోతాయి అన్న ప్రశ్నతో ఒక భిక్షువు దేవలోకాలన్నీ తిరిగి చివరికి మహాబ్రహ్మ దగ్గరికి చేరతాడు. బ్రహ్మ వెలుగుతో ప్రత్యక్షమై, "నేను బ్రహ్మను, మహాబ్రహ్మను, జయించేవాణ్ణి, అంతా చూసేవాణ్ణి, కర్తను" అంటాడు. మీరు బ్రహ్మా కాదా అని నేను అడగలేదు, నా ప్రశ్నకు జవాబు చెప్పండి అంటాడు భిక్షువు. బ్రహ్మ మళ్ళీ అదే మాట. భిక్షువు మూడోసారీ అదే ప్రశ్న అడుగుతాడు. అప్పుడు బ్రహ్మ ఆ భిక్షువును చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళి చెబుతాడు: ఈ దేవతలంతా నాకు తెలియనిది లేదని అనుకుంటున్నారు, అందుకే వాళ్ళ ముందు చెప్పలేదు, నాకూ తెలియదు.

బ్రహ్మ బ్రహ్మ కాడని ఈ కథ అనడం లేదు. ఆయన తేజస్సు నిజమే, ఆయన పదవి నిజమే. తేజస్సుకు బెదరకుండా తన ప్రశ్నను మూడుసార్లు పట్టుకుని నిలబడిన ఆ భిక్షువు పద్ధతే నాకు అనుసరించదగ్గదిగా కనిపిస్తుంది. ఆయన చేతుల్లో వినయం లోపించలేదు, కళ్ళలో భయమూ లేదు.

కాబట్టి అలాంటి జీవి ఎదురైతే నేను అడగదలచుకున్నది మహిమ కాదు. చంద్రుణ్ణి ఎర్రబరచమని అడగను. కారణాంకాల ప్రశ్నలు అడిగి, జవాబులు సరిచూసుకుని, ఏళ్ళ తరబడి ఆ నడత చూసి, నమ్మదగ్గదని తేలాక కూడా నాకు ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది: మీకు తెలియనిది ఏదీ లేదన్న సంగతి మీకు ఎలా తెలిసింది? దానికి వచ్చే జవాబు "నేను బ్రహ్మను, మహాబ్రహ్మను" అన్న తీరులో ఉంటే నమస్కరించి ఇంటికి వెళతాను. "రా, కూర్చో, ఇద్దరం కలిసి ఆలోచిద్దాం" అన్న తీరులో ఉంటే అక్కడే కూర్చుంటాను.